పది రోజుల్లో మా చేతికి రావాల్సిన కాగితం గురించి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు ఉన్నతాధికారులకు, రోడ్డు ప్రమాదాల కేసులు రాసే ప్రతి ఎస్సై గారికి,

నమస్కారం. నేను లాయర్ని కాదు, నాయకుణ్ణీ కాదు. రోడ్డు ప్రమాదంలో కాలు దెబ్బతిన్న ఒక టైల్స్ మేస్త్రికి అన్నని. ప్రమాద బాధితుడికి అతని హక్కులు చెప్పే, మీ స్టేషన్ నుంచి రావాల్సిన ఒక కాగితం గురించి రాస్తున్నాను.

మా తమ్ముడు పని ముగించుకుని బైకు మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి సరుకుల వ్యాను గుద్దింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు, ఎముక అతుక్కుంది, ఇప్పుడు నడుస్తున్నాడు కూడా. కానీ మోకాలు పూర్తిగా మడవలేడు. టైల్స్ పని దగ్గరి నుంచి చూసినవాళ్లకి తెలుస్తుంది, అది నిలబడి చేసే పని కాదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద జరుగుతూ చేసే పని. డిశ్చార్జ్ కాగితంలో పరిస్థితి మెరుగ్గా ఉందని రాశారు. మా ఇంట్లో సంపాదన ఆగిపోయింది.

ఆసుపత్రిలో ఉన్న ఆ పదిహేను రోజులూ మాకు నిద్ర లేదు. దెబ్బ గురించి డాక్టర్లు చెప్పేవారు, మిగతా దేని గురించీ చెప్పేవాళ్లు లేరు. కేసు పెడితే ఎవరి మీద పెట్టాలి? డ్రైవరు మా పక్క ఊరి కుర్రాడే, వాణ్ణి జైలుకు పంపి మనం బాగుపడేదేముంది అని అమ్మ ఏడ్చేది. తమ్ముడి లైసెన్సు గడువు దాటిపోయింది, ఆ సంగతి బయటపడితే వచ్చేది కూడా రాదేమోనని మరదలి భయం. రోజు కూలి లెక్కన పనిచేసేవాడికి జీతం చీటీ ఎక్కణ్ణుంచి తేవాలని నా టెన్షన్. మూడో రోజు ఒకాయన వచ్చాడు. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు. మా తమ్ముడి పేరు, బండి నంబరు, వార్డు నంబరు అన్నీ చెప్పాడు. "మీరేం కంగారు పడొద్దు, అన్నీ నేను చూసుకుంటా, వచ్చినదాంట్లో మూడో వంతు నాకు" అని వకాల్తా మీదా, నాలుగు తెల్లకాగితాల మీదా సంతకాలు అడిగాడు. తమ్ముడు మత్తులో ఉన్నాడు. నేను వాడి చేత పెట్టించబోయాను కూడా. మరదలు పెన్ను లాగేసుకుంది కాబట్టి బతికిపోయాం.

స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ గారు మంచి మనిషి. ఓపిగ్గా వాంగ్మూలం రాసుకున్నారు, అమ్మకి ధైర్యం చెప్పారు. నష్టపరిహారం సంగతి అడిగితే "అది మీ లాయరు చూసుకుంటాడమ్మా" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. తెలిసి ఉంటే ఆ మనిషి చెప్పేవారే.

ఐదో నెలలో కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో ఒక లాయరమ్మ మా కాగితాలన్నీ తిరగేసి, "మీకు ఫారం రెండు ఇచ్చారా?" అని అడిగారు. అలాంటిదొకటి ఉంటుందని అప్పుడే మొదటిసారి విన్నాను. ఈ లేఖ రాస్తున్నది ఆ ఒక్క ఫారం గురించే.

2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం సమాచారం అందిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను, అంటే ఫారం ఒకటిని, ప్రమాద పరిహారం తేల్చే కోర్టు అయిన క్లెయిముల ట్రిబ్యునల్‌కి పంపాలి. బాధితుడికీ, బీమా కంపెనీకీ కూడా నకలు ఇవ్వాలి. పది రోజుల్లోపు బాధితుడికి గానీ, అతని వారసులకు గానీ ఫారం రెండు ఇవ్వాలి. అందులో ఉండేది బాధితుడి హక్కులు, క్లెయిము ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా నడుస్తుందో చూపించే పటం. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కి చేరాలి. ఆ సమగ్ర నివేదికతో పాటు ఫారం రెండు నకలు కూడా జత చేయాలని నియమంలోనే ఉంది. దాన్నిబట్టి చూస్తే ఇది ఇష్టమైతే ఇచ్చే కరపత్రం కాదు, ఇచ్చామని కోర్టుకు చూపించాల్సిన కాగితం. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలను కచ్చితంగా అమలు చేయాలని, వాటి కోసం స్టేషన్లలో శిక్షణ ఉన్న సిబ్బందితో ప్రత్యేక విభాగం పెట్టాలని రాష్ట్రాలకు చెప్పింది కూడా.

ఆ తర్వాత నేను మా చుట్టుపక్కల ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లని, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లని కనిపించినప్పుడల్లా అడుగుతున్నాను. నేను అడిగినవాళ్లలో ఆ కాగితం చూసినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. నాకు తెలిసింది నాలుగు ఊళ్లే కావచ్చు. ఇస్తున్న స్టేషన్లు ఉంటే ఆ అధికారులకు చేతులెత్తి దండం పెడతాను.

ఆ కాగితం లేకపోతే జరిగే నష్టం ఎలాంటిదో మీరు ఒక్కసారి మా వైపు నుంచి చూడండి. అన్నిటికంటే పెద్దది గడువు. 1994 నుంచి 2022 మార్చి దాకా మోటారు ప్రమాదాల క్లెయిములకు కాలపరిమితి ఉండేది కాదు, ఎప్పుడైనా వేసుకునేవాళ్లు. అందుకే ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "ముందు మనిషి లేవనీ, కేసుదేముంది, తర్వాత వేసుకోవచ్చు" అంటారు. వాళ్లు చెప్పింది వాళ్ల కాలానికి నిజమే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లో మళ్లీ గడువు పెట్టారు, అది 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది: ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆ విషయం తేలేలోపు గడువు దాటిందన్న ఒక్క కారణంతో క్లెయిములు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చింది. కానీ ఆ ఆదేశాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. కాలు రెండు సార్లు ఆపరేషన్ అయినవాడికి ఆరు నెలలంటే మంచం దిగేలోపే అయిపోతాయి. మేం ఐదో నెలలో వెళ్లడం మా తెలివి కాదు, మరదలి పట్టుదల.

ఇంకో సంగతి, మీరు పంపే ప్రమాద నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిము దరఖాస్తుగా తీసుకోవాలని అదే 166వ సెక్షన్‌లో ఉంది. మీ నివేదిక సమయానికి వెళితే, లాయరు గుమ్మం తొక్కలేని కుటుంబానికి కూడా కోర్టు తలుపు తెరుచుకుంటుంది. ఒక దర్యాప్తు అధికారి చేతిలో ఇంత బలం ఉంటుందని నాకు మొన్నటిదాకా తెలియదు.

ఇక మా అమ్మ ప్రశ్న. పక్క ఊరి కుర్రాణ్ణి ఏడిపించి మనం డబ్బు తీసుకోవాలా అన్నది. చాలా ఇళ్లలో కేసులు ఇక్కడే ఆగిపోతున్నాయి. పెద్దమనుషులు కూర్చుంటారు, ఆసుపత్రి బిల్లు కొంత ఇప్పిస్తారు, కేసు వద్దంటారు, స్టేషన్‌కి వెళ్లకుండానే అయిపోతుంది. మూడు నెలల తర్వాత రెండో ఆపరేషన్ పడితే అడగడానికి ఎవరూ ఉండరు. ఎవరో ఒకరు ఆ రోజే మా అమ్మకి చెప్పి ఉండాల్సింది: అమ్మా, డ్రైవరు మీద పెట్టే క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహారం క్లెయిము వేరు. డ్రైవరు చేసిన తప్పుకి బండి యజమాని బాధ్యుడు, ఆ యజమాని తరఫున కట్టేది బీమా కంపెనీ. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలని చట్టం పెట్టిందే ఇందుకు, ఎదుటివాడు పేదవాడైనా దెబ్బ తిన్నవాడికి డబ్బు అందాలని. ఆ కుర్రాడి ఇల్లు అమ్మించాల్సిన పని లేదు. ఈ నాలుగు మాటలు విన్న రోజు మా అమ్మ మొదటిసారి కడుపునిండా తిన్నది.

క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడితే మన క్లెయిము పోతుందా అని కూడా అడుగుతారు. పోదు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి, ట్రిబ్యునల్‌లో ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది అనిపించేంత సాక్ష్యం చాలు. సుప్రీంకోర్టు 1980లోనే ఈ మాట చెప్పింది. ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని 2011లో రవి కేసులో చెప్పింది, మనిషిని బతికించుకోవడానికి పరుగెత్తేవాళ్లు ముందు స్టేషన్‌కి వెళ్లరు కదా. అయినా ఆలస్యం అయినకొద్దీ అనుమానాలు పెరుగుతాయి కాబట్టి, ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఇది రోడ్డు ప్రమాదం అని, గుద్దిన బండి ఏదో తెలిస్తే అదీ రాయించాలి. మా తమ్ముణ్ణి తీసుకెళ్లినవాళ్లు కంగారులో "బైకు మీంచి పడ్డాడు" అని చెప్పారు. ఆ మూడు మాటలు ఆసుపత్రి రికార్డులో ఎక్కాయి. వ్యాను అసలు తగల్లేదని వాదించడానికి అవతలి లాయరుకి ఆ మూడు మాటలే దొరికాయి.

అందుకే వాంగ్మూలం గురించి మీకో విన్నపం. మత్తు దిగని మనిషి చెప్పిందో, ప్రమాదం చూడని బావమరిది చెప్పిందో రాసి అక్కడితో ఆపొద్దు. మనిషి తేరుకున్నాక ఇంకోసారి వెళ్లి అడగండి. బండి నంబరు, బీమా పాలసీ నంబరు, దగ్గర్లోని సీసీ కెమెరాల రికార్డింగు మొదటి రెండు రోజుల్లోనే పట్టుకోండి, ఎందుకంటే ఆ రికార్డింగులు చెరిగిపోతాయి. వేరే బండిని తెచ్చి పెట్టి దొంగ క్లెయిములు వేసేవాళ్లూ ఉన్నారు, కాదనను. ఆ దొంగల్ని ఆపేది కూడా 48 గంటల నివేదికే. నిజం మొదటి రెండు రోజుల్లో కాగితం మీదికి ఎక్కితే ఆ తర్వాత ఎవరూ మార్చలేరు, దాంతో నిజమైన బాధితుడూ బాగుపడతాడు, బీమా కంపెనీ కూడా మోసపోదు.

మరదలి భయం సంగతి చెప్పాలి, లైసెన్సు. తప్పు కొంత మనదైతే అసలేమీ రాదని జనంలో ఒక నమ్మకం ఉంది. అలా కాదు. ప్రమాదానికి ఇద్దరి నిర్లక్ష్యమూ కారణమైతే ట్రిబ్యునల్ ఎవరి పాలు ఎంతో తేల్చి, మన పాలు మేరకు తగ్గించి మిగతాది ఇస్తుంది. పైగా లైసెన్సు లేకపోవడం వేరు, నిర్లక్ష్యంగా నడపడం వేరు. తన దారిన తాను పోతున్నవాణ్ణి వెనక నుంచి వచ్చి గుద్దితే, అతని జేబులో లైసెన్సు లేకపోవడం ప్రమాదానికి కారణం ఎలా అవుతుంది? సుప్రీంకోర్టు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది ఇదే. బైకు మీద ముగ్గురు ఎక్కిన కేసులో 2020లో కూడా అదే దారిలో తీర్పు వచ్చింది: ముగ్గురు ఎక్కడం నేరమే, దానికి జరిమానా వేసుకోండి, కానీ ప్రమాదానికి అదే కారణమని చూపించకుండా పరిహారం కోయడానికి వీల్లేదు. ఇది చదివి ఎవరైనా లైసెన్సు లేకుండా, ముగ్గురేసి ఎక్కి తిరగొచ్చు అనుకుంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది. నేను చెప్పేది దెబ్బ తిన్నవాడు ఆ భయంతో నోరు మూసుకోవద్దని మాత్రమే.

గుద్దిన డ్రైవరుకే లైసెన్సు లేకపోతే? చాలా కేసుల్లో ముందు బీమా కంపెనీ బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెబుతుంది, 2004లో స్వరణ్ సింగ్ కేసు నుంచీ వస్తున్న పద్ధతి అది. బండి అమ్మేశాను, నాకేం సంబంధం అంటారు కొందరు. ఆర్.సి. మీద ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది, అందుకని బండి అమ్మినవాళ్లు పేరు మార్పు అయ్యేదాకా నిద్రపోవద్దు.

గుద్దినవాడు పారిపోయి, ఏ బండో ఎప్పటికీ తెలియకపోతే కూడా దారి ఉంది. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేల రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది, అంతకుముందు అది 25 వేలు, 12,500గా ఉండేది. దరఖాస్తు ఇవ్వాల్సింది కోర్టులో కాదు, తహసీల్దారు స్థాయి రెవెన్యూ అధికారికి. ఈ పథకం పేరు కూడా తెలియని కుటుంబాలు ఎన్ని ఉంటాయో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది. గుర్తు తెలియని వాహనం అని ఎఫ్.ఐ.ఆర్. రాసేది మీరే కాబట్టి, ఆ కుటుంబానికి ఈ మాట చెప్పగలిగే మొదటి మనిషి కూడా మీరే.

ట్రాక్టర్ ట్రాలీల గురించి చెప్పకుండా ఉండలేను. నాట్లకీ, మిర్చి కోతలకీ ఆడవాళ్లని ట్రాలీల్లో, సరుకుల ఆటోల్లో ఎక్కించుకుని తీసుకెళ్లడం రోజూ చూస్తున్నాం. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి బండి బోల్తా పడితే పరిహారం భారం చాలాసార్లు యజమాని మీదికే పోతుంది, అతని దగ్గర ఏముంటే అంతే. ఆ కూలీలకు ఈ విషయం ఎవరూ చెప్పరు, చెప్పినా వేరే బండి ఉండదు. తెల్లవారుజామున రోడ్డు మీద ఆ ట్రాలీని ఆపే అవకాశం మీకే ఉంది. జరిమానా రాసి పంపేయడంతో సరిపెట్టకుండా, అందులో ఉన్న అక్కలకి ఈ బండికి ఏదైనా అయితే మీకు బీమా రాదమ్మా అని ఒక్క మాట చెబితే, రేపటి నుంచి వాళ్లే మేస్త్రిని వేరే బండి అడుగుతారు.

ఎంత వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న, అందరూ అబద్ధం చెప్పే ప్రశ్న కూడా. ఏజెంట్లు కోటి అంటారు, బంధువులు నలభై వేలు అంటారు. లెక్క ఉంది, అది రహస్యం కాదు. ఏడాది సంపాదన తీసుకుంటారు. భవిష్యత్తులో పెరిగేదాని కింద, సొంత పని చేసుకునేవాడికి 40 ఏళ్ల లోపైతే 40 శాతం, 40 నుంచి 50 మధ్య అయితే 25 శాతం, ఆ తర్వాత 60 దాకా 10 శాతం కలుపుతారు, పర్మనెంట్ ఉద్యోగికి ఇంకొంచెం ఎక్కువ. ఇది 2017లో ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం పెట్టిన లెక్క. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, లాయర్లు మల్టిప్లయర్ అంటారు. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 26 నుంచి 30 ఏళ్లకి 17, 31 నుంచి 35కి 16, అలా తగ్గుతూ 65 దాటితే 5. గాయమైతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో దానితో లెక్క వేస్తారు. ఉదాహరణకి నెలకి 15 వేలు సంపాదించే 32 ఏళ్ల మేస్త్రికి పని చేసే శక్తి 40 శాతం పోయిందని తేలితే, ఏడాదికి 1,80,000, దానికి 40 శాతం కలిపితే 2,52,000, పదహారుతో గుణిస్తే 40,32,000, అందులో 40 శాతం 16,12,800. వైద్యం ఖర్చు, బాధకి ఇచ్చేది, ముందు ముందు ఆపరేషన్లకి అయ్యేది, ఇవన్నీ వేరు. దీని మీద క్లెయిము వేసిన రోజు నుంచి వడ్డీ కూడా ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది.

ఇందులో నన్ను కదిలించిన విషయం ఒకటుంది. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. డాక్టరు సర్టిఫికెట్లో రాసే వైకల్యం శాతం ఒకటి, ఆ మనిషి తన పని చేసుకోవడంలో పోగొట్టుకున్నది ఇంకొకటి. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకీ, వడ్రంగికీ బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే, అదే ఆఫీసులో రాతపని చేసే గుమాస్తా ఉద్యోగం నిలబెట్టుకోవచ్చు. కాబట్టి లెక్క ఆ మనిషి చేసే పనిని బట్టి వెయ్యాలి. మా తమ్ముడి సర్టిఫికెట్లో శాతం చిన్నదే. కానీ మోకాలు మడవలేని టైల్స్ మేస్త్రికి ఏం మిగిలిందో జడ్జి గారికి అర్థమయ్యేలా చెప్పాలంటే అతను ఏం పని చేసేవాడో కాగితం మీద ఉండాలి. మీ ఎఫ్.ఐ.ఆర్.లో వృత్తి అని ఒక గడి ఉంటుంది. మా తమ్ముడి కేసులో అక్కడ "కూలి" అని రాశారు. దయచేసి ఆ గడిలో పని పేరు పూర్తిగా రాయండి. టైల్స్ మేస్త్రి, సెంట్రింగ్ పని, ఎలక్ట్రీషియన్, మగ్గం పని, ఏదైతే అది.

జీతం చీటీ లేకపోవడం అడ్డంకి కాదు, కనీస వేతనాల్ని, ఆ పనికి ఊళ్లో ఉన్న రేటుని, తోటి మేస్త్రుల సాక్ష్యాన్ని చూస్తారు. ఇంట్లో పని చేసే ఆడవాళ్లకి సంపాదన లేదు కదా అని వాళ్ల క్లెయిముని చిన్నది చేసే రోజులు పోయాయి, 2021 జనవరిలో కీర్తి కేసులో ఆ పని విలువ లెక్కకట్టి తీరాలని సుప్రీంకోర్టు చాలా గట్టిగా చెప్పింది. చనిపోయిన మనిషి పేరున ఎల్ఐసీ డబ్బు వచ్చిందని పరిహారం తగ్గించరు. ఎక్కడ వేయాలంటే ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, మనం ఉండే చోట కూడా వేసుకోవచ్చు. ఎక్కడో హైవే మీద ప్రమాదం జరిగి, అక్కడి దాకా తిరగలేక ఊరుకున్నవాళ్లని చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

తనంతట తాను స్కిడ్ అయి పడిపోయినవాడికి మాత్రం థర్డ్ పార్టీ బీమా రాదు, అది ఎదుటివాడి కోసం పెట్టింది. బండి ఓనరుకి విడిగా 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, ఉందో లేదో పాలసీ కాగితంలో ఇవాళే చూసుకోండి.

ఇప్పుడు లాయరు ఫీజు. లాయర్లలో మహానుభావులు ఉన్నారు, మా కేసు చూసిన ప్యానెల్ లాయరమ్మ మా దగ్గర టీ కూడా తాగలేదు. కానీ గెలిచినదాంట్లో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఫీజు తీసుకోవచ్చు, వచ్చే పరిహారంలో ఇంత భాగం అని ఒప్పందం పెట్టుకోకూడదు. ఈ విషయం తెలియక మూడో వంతు, సగం ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు. పోయిన మనిషికి బదులుగా వచ్చిన డబ్బులో సగం! ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, ఇంకా ఆదాయం తక్కువ ఉన్నవాళ్లు 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఉచితంగా లాయర్ని అడగొచ్చు, ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతన్న లెక్క కూడా లేదు. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఈ అయిదు అంకెలు ప్రతి ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు గోడ మీద, మంచం మీద పడుకున్నవాడికి కనబడేంత పెద్దగా ఉండాలి. ఏజెంటు మూడో రోజు వచ్చేస్తున్నాడు, మీ కాగితం అంతకంటే ముందు రావాలి.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్ మంచిదేనా అని అడుగుతారు. మంచిదే, త్వరగా తేలుతుంది. కానీ అక్కడ ఒప్పుకుని సంతకం పెడితే దాని మీద మామూలు అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. రెండిటికీ ఉన్న ఈ తేడా సంతకం పెట్టకముందు తెలియాలి. వైద్యం ఇంకా నడుస్తుండగా, వైకల్యం ఎంతో తేలకముందే, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడ్డారని రాజీ పడేవాళ్లే ఎక్కువ. బీమా కంపెనీల క్లెయిము అధికారులు కూడా ఈ లేఖ చదివితే ఒక మాట: సమగ్ర నివేదిక అందిన 30 రోజుల్లో ఎంత ఇస్తారో కారణాలతో రాసి చెప్పే బాధ్యత మీ నియమిత అధికారిది. మీరు మొదటిసారే న్యాయమైన అంకె రాస్తే, కుటుంబం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగదు.

పోలీసు అధికారులూ, ప్రమాదం జరిగిన మొదటి గంటల సంగతి కూడా ఆ ఫారం రెండులో ఒక వాక్యం రాయించండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం ఉంది. దెబ్బ తిన్నవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషిని మీరు బలవంతంగా సాక్షిగా పిలవకూడదని 134ఏ సెక్షన్ వచ్చాక కూడా జనం ఆగడానికి భయపడుతున్నారు. మా తమ్ముణ్ణి ఆటోలో వేసుకెళ్లిన ఇద్దరూ పేర్లు చెప్పకుండా వెళ్లిపోయారు. వాళ్లకి థ్యాంక్స్ చెప్పుకునే అవకాశం కూడా మాకు దక్కలేదు.

కాబట్టి నేను అడుగుతున్నది కొత్త చట్టం కాదు, బడ్జెట్ కాదు. ఫారం రెండు తెలుగులో, మామూలు మాటల్లో అచ్చు వేయించి ప్రతి స్టేషన్లో ఒక కట్ట ఉంచండి. వాంగ్మూలం రాయడానికి ఆసుపత్రికి వెళ్లే కానిస్టేబుల్ గారి ఫైల్లో అది ముందే పెట్టండి. ఇచ్చాక సంతకం తీసుకోండి, చదువు రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. దాని పైన ఖాళీ గీత ఒకటి ఉంచి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు ఏ తేదీకి నిండుతాయో చేత్తో రాయండి. నెలవారీ సమీక్షలో ఎన్ని ఎఫ్.ఐ.ఆర్.లు రాశారని అడిగే ఎస్పీ గారు, ఎన్ని ఫారం రెండులు ఇచ్చారని కూడా అడిగితే మూడో నెలకల్లా అన్ని స్టేషన్లలోనూ అలవాటైపోతుంది.

మా కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదాకి డాక్టరు గారు సాక్ష్యం చెప్పాలి. తమ్ముడు ఇప్పుడు ఒక టైల్స్ షాపులో కూర్చుని కొలతలు రాస్తున్నాడు, ముందు సంపాదించినదాంట్లో సగం కూడా రాదు. మొన్న మా వీధి చివర ఒక కుర్రాణ్ణి కారు గుద్దితే, ఆసుపత్రికి నేను వెళ్లేసరికి వాళ్ల నాన్న చేతిలో తెల్లకాగితాలు ఉన్నాయి, పక్కన ఎవరో పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన రాసినవన్నీ ఆ వరండాలోనే నిలబడి ఆయనకి చెప్పాను, అరగంట పట్టింది. స్టేషన్ నుంచి కాగితం అప్పటికి రాలేదు. అది రెండో రోజు. పది రోజుల గడువులో ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి, మీ వాళ్లు తీసుకొస్తారని ఆయనకి చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక టైల్స్ మేస్త్రి అన్న